చప్పుడు లేని బండిలో సముద్రం దాకా

మా తాడేపల్లిగూడెంలో ఎవరితోనైనా శ్రీకాకుళం వెళ్లొచ్చానంటే ముందు అడిగే మాట, "ఎవరు పోయారు?" అని. చావుకో పెళ్లికో తప్ప అంత దూరం ఎవరూ వెళ్లరని మా వాళ్ల నమ్మకం. టైర్ల షాపు మూసేసి, అద్దాలు కూడా లేని బండిలో తిరిగొచ్చానంటే నా మతి మీదే అనుమానపడ్డారు. ఇరవై ఏళ్లుగా టైర్లు అమ్ముతున్నవాణ్ని నేను. మనిషి ఎదురొస్తే మొహం చూస్తాను గానీ, బండి ఎదురొస్తే ముందు దాని కాళ్లే చూస్తాను. అలాంటి నాచేత నోరు తెరిపించిన బండి సంగతి ఇది. అటువైపు ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను.

గరివిడి

మా అక్క ఎస్తేరు సముద్రం పక్క పల్లెల్లో నర్సుగా పనిచేసి ఆ మధ్యే రిటైరైంది. బావ గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి అంతకు ముందు నుంచే ఇంటిపట్టున ఉంటున్నాడు. అక్క గోదావరి జిల్లాలో పుట్టినా పెళ్లయి అటు వెళ్లాక మా యాస పూర్తిగా వదిలేసింది. ఫోను చేసి "ఏటి సేస్తన్నావురా?" అంటే మా ఆవిడ ఇప్పటికీ రాంగ్ నంబరనుకుని పెట్టేస్తుంది.

నేను వెళ్లేసరికి వాళ్ల పెరట్లో జామచెట్టు కింద ఆ బండి నిలబడి ఉంది. విశాఖపట్నంలో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్లు తయారుచేసిన కరెంటు ట్రక్కు. వారం రోజులు వాడి చూసుకోమని ఇచ్చారు. రంగు వేయలేదు, రేకు రేకులాగే ఉంది. తలుపులకు అద్దాల బదులు చుట్టి కట్టుకునే పరదాలు. ఏసీ లేదు, రేడియో లేదు, గేర్లు లేవు. ఒక స్టీరింగు, రెండు పెడళ్లు, ముందుకీ వెనక్కీ ఒక మీట, బ్యాటరీలో ఎంత మిగిలిందో గీతల్లో చూపించే అరచేతంత పలక. ఇద్దరు పట్టే సీటు, వెనక తొట్టి. టైర్లు మాత్రం పరవాలేదు.

"మిగతాదెక్కడుందక్కా?" అన్నాను.

"ఇంతే. కూకోడానికి సీటున్నాది, సరుకెయ్యడానికి తొట్టున్నాది. ఇంకేటి కావాల? లేనిది పాడవదు గదా," అంది.

బావ గుమ్మంలో కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. "సూసినావా బామ్మర్దీ, రిటైరయ్యాక మీ అక్క ఆడుకోడానికి బొమ్మ తెచ్చుకున్నాది," అన్నాడు.

వాళ్లిద్దరి మధ్యా ఒక ఒప్పందం ఉంది. ఒడ్డున చేపల వ్యాపారం చేసే పోలమ్మ, రోజూ తన సరుకును శ్రీకాకుళం బజారుకు చేర్చే పని ఈ బండికిస్తే అక్క దీన్ని కొంటుంది, ఇద్దరూ శ్రీకాకుళానికి మకాం మారుస్తారు. పోలమ్మ కాదంటే సోమవారం బండి విశాఖపట్నం వెళ్లిపోతుంది. ఆ తర్వాత అక్క మళ్లీ బండి ఊసెత్తకూడదు.

అక్క పట్టుదలకు కారణం ఉంది. ఆ ఒడ్డు ఆడవాళ్లు చేపల తట్టలతో రోడ్డు మీద నిలబడితే బస్సు ఆగదు. నీచు వాసనని లోపలివాళ్లు గొడవ చేస్తారు, డ్రైవరు వేగం పెంచి పోతాడు. వాళ్లు ఆటోల వెనక వేలాడుతూ బజారుకు పోవాలి. అక్క ఉద్యోగం చేసినన్నాళ్లూ టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆ ఆటోల్లోనే, ఆ తట్టల మధ్యే తిరిగింది. "తట్టలు నాను తెస్తాను, మీరు మడుసుల్లాగ బస్సెక్కి రండి," అని పోలమ్మకు ఏనాడో మాటిచ్చింది. బావ రాననడంతో తోడుకి నన్ను పిలిపించింది.

చీపురుపల్లి దాటాక

అక్క తాళం తిప్పింది. ఏమీ జరగలేదు. "స్టార్టు కాలేదక్కా," అంటూండగానే జామచెట్టు వెనక్కి వెళ్లిపోయింది, వెనకాలే వేపపుల్లతో బావ కూడా.

చీపురుపల్లి సందడి దాటి పొలాల్లో పడ్డాక నాకు ఒక చప్పుడు వినబడసాగింది. సన్నగా, ఆగకుండా, చాప చుడుతున్నట్టు. ఏదో ఊడిందేమోనని తల బయటపెట్టి చూశాను. ఏమీ ఊడలేదు. టైర్లు తారు మీద దొర్లుతున్న చప్పుడు అది. ఇరవై ఏళ్లు వాటిని అమ్మి తిన్నాను, వాటి గొంతు వినడం అదే మొదటిసారి. అక్కకి చెబితే నవ్వుతుందని ఊరుకున్నాను.

ఇక అన్నీ వినబడ్డాయి. జీడితోటలో పిట్టలు, దూరంగా పంపుసెట్టు, గట్టు మీద ఒకావిడ ఇంకొకావిడకు చెబుతున్న కోడలి సంగతి. ఆ సంగతి చివరిదాకా వినడానికి అక్క బండి నెమ్మది చేసింది కూడా.

అలాగని బండిని నెత్తిన పెట్టుకోను, దాని లోపాలూ చెప్పాలి. గతుకు వస్తే నడుం లెక్కచెబుతుంది. చిన్న ఎత్తుకే ఆయాసపడుతుంది, వెనక లారీవాళ్లు హారన్లతో మన వంశాన్ని తలుచుకుంటారు. అద్దాలు లేవు కాబట్టి దుమ్మంతా మనదే. అన్నిటికంటే పెద్ద చిక్కు, అది వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. మేకలు తప్పుకోలేదు. సైకిలు మీద తాటిముంజెల గెలలు కట్టుకుపోతున్న పెద్దాయన పక్కనే మా మొహాలు కనబడేసరికి ఉలిక్కిపడి కాలు కింద పెట్టేశాడు.

"పాములాగొచ్చినారేటమ్మా? హారను కొట్టలేరా?" అన్నాడు.

అక్క కొట్టింది. పిల్లికూన అరిచినట్టు అరిచింది. ఆ పెద్దాయన కోపం మరిచిపోయి, "మళ్లీ కొట్టమ్మా," అని ఇంకోసారి కొట్టించుకున్నాడు. మాకు రెండు గెలలిచ్చి డబ్బులు పుచ్చుకోలేదు. మా వైపు దారిలో అంత ఉలిక్కిపడితే ముందు కాలరు పట్టుకుంటారు.

పొందూరు

పొందూరులో ఆగాలని మేము అనుకోలేదు. ఎదురుగాలికి పలక మీద గీతలు మేమనుకున్నదానికంటే తొందరగా తరిగిపోయాయి. పెట్రోలైతే పోయించుకుని పోతాం. దీనికి గోడ కావాలి, గోడకి ప్లగ్గు కావాలి, ఆ ఇంటివాళ్లకి దయ కావాలి.

వీధరుగు మీద పత్తి ముందేసుకుని కూర్చున్న సూరమ్మ అనే ముసలావిడని అడిగాం. ఆవిడ గుమ్మం పక్క ప్లగ్గు చూపించి, "సెల్లుకి సార్జింగెట్టినట్టు బండికెడతారేటి? ఎట్టుకోండి, మా టీవీ కంటే ఎక్కువ లాగదు గదా?" అంది. నిజం చెబితే లాగుతుంది. అక్క ముందే కొంత డబ్బు ఆవిడ చేతిలో పెట్టింది.

బండి కరెంటు తాగుతున్నంతసేపూ మేము ఆ అరుగు మీదే. నా కారులో అయితే పొందూరు పేరు బోర్డు మీద చదివి దాటిపోయేవాణ్ని. సూరమ్మ చేతిలో అర్ధచంద్రంలా ఉన్న చిన్న వస్తువేదో ఉంది, దానితో పత్తిని దువ్వుతోంది. అడిగితే చేతికిచ్చింది. చేప దవడ. వాలుగ చేప దవడ ఎముక, వేలితో తడిమితే గానీ తెలియనంత సన్నటి పళ్లు. దానితో దువ్వితేనే పత్తిలో నలుసు పోయి పోగు మెత్తబడుతుందట, ఇనుప దువ్వెన పనికిరాదట.

"సేప మనల్ని కొరకాల గానీ, మనకి బట్ట నేసి పెడతాదని ఎవులనుకుంటారు?" అంది ఆవిడ.

రాట్నం తిప్పుతుంటే ఆవిడ వేళ్ల మధ్య నుంచి ఏమీ రావడం లేదనిపించింది. తల వాల్చి వెలుతురుకు అడ్డంగా చూస్తే అప్పుడు కనబడింది నూలు. నేను చూసిన వస్తువుల్లో అంత సన్నగా ఉండి తెగనిది ఇంకొకటి లేదు. మధ్యాహ్నం చోడి అంబలి, అంటే రాగి జావ, పోసింది, నంజుకోడానికి ఉల్లిపాయ, వేయించిన మిరపకాయ. మా వైపు అంబలి అంటే జ్వరం వచ్చిందా అంటారు. ఇక్కడ ఎండలో తిరిగొచ్చినవాళ్లకి అదే మర్యాద.

అక్క బావ కోసం ఒక తెల్లటి కండువా కొంది. ధర వినగానే నా నోరు ఊరుకోలేదు. "ఈ డబ్బుతో మా షాపులో స్కూటరు టైరొస్తుంది," అన్నాను.

"టైరు మిషను సేసింది బాబూ. ఇది నానూ నా కోడలూ సేసినాం," అంది సూరమ్మ. నేనిక ధర మాట ఎత్తలేదు.

అక్క దాన్ని మడిచి ప్లాస్టిక్ సంచిలో చుట్టి సీటు కింద పెట్టింది. "పోలమ్మ ఒప్పుకున్నా ఒప్పుకోపోయినా మీ బావ దగ్గరికి వుత్త సేతుల్తో ఎల్లకూడదు," అంది.

శ్రీకాకుళం

సాయంత్రానికి నాగావళి వంతెన ఎక్కాం. సిగ్నలు దగ్గర కాలేజీ కుర్రాళ్లు మోటారుసైకిళ్ల మీద చుట్టూ చేరారు. "టాప్ స్పీడెంత ఆంటీ?" అన్నాడొకడు. "నీకెందుకురా, నాకు తొందర్లేదు," అంది అక్క.

అక్కకి తెలిసిన చర్చి వాళ్లింట్లో దిగాం. వాళ్లది కింది వాటా కాబట్టి సరిపోయింది, వంటింటి కిటికీలోంచి తీగ లాగి బండికి తగిలించాం. మేడ మీద కాపురముండేవాళ్లు ఈ బండి కొంటే బావిలోకి చేద దించినట్టు తీగ దించుకోవాలి. భోజనంలో పప్పులో కూడా బెల్లం వేశారు, ఆవపెట్టిన పనసపొట్టు పక్కన అది కూడా బాగుంది.

అక్క మాత్రం సరిగా తినలేదు. "పోలమ్మకి మొగమాటం లేదురా. నచ్చపోతే ఎల్లిపో అంటాది. నాను పురుడు పోసినానని కూడా సూడదు," అంది. అక్క భయపడడం నేను చిన్నప్పటి నుంచీ చూడలేదు. పనసపొట్టు ఇంకాస్త వడ్డించాను.

ఒడ్డు

తెల్లవారేసరికి సరుగుడు తోట దాటి ఒడ్డుకు చేరాం. పడవలు అప్పుడే వచ్చాయి. కవళ్లు, కానాగంతల్లాంటి చిన్న చేపలు, అక్కడక్కడా ఒక పెద్ద వంజరం. వేలంపాట అయిపోయిన సరుకుని ఆడవాళ్లు ఐసు వేసి తట్టలకెత్తుతున్నారు. మేము వాళ్ల వెనకాలే వచ్చి ఆగినా ఒక్కరూ తిరిగి చూడలేదు. అక్క హారను కొడితే అందరూ పిల్లికూన కోసం ఇసకలో వెతికారు.

పోలమ్మ ముందుకొచ్చింది. అడ్డపొగ తాగుతోంది, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మా వైపు నుంచి వెళ్లినవాళ్లకి ఆ దృశ్యం చూస్తేనే నాలుక కాలుతుంది. బండి చుట్టూ తిరిగింది, తొట్టి మీద గుద్దింది.

"ఏటి నర్సమ్మా, రంగు కూడా ఎయ్యలేదు. మన సరుకు మొయ్యగలదా ఇది?"

"మోస్తాది. కావాలంటే నువ్వు కూడా ఎక్కి సూడు."

పోలమ్మ నవ్వి, వెనక్కి తిరిగి ఏదో సైగ చేసింది. నాకు అర్థమయ్యేలోపే జరిగిపోయింది. ఆ ఊళ్లో కొత్త పడవైనా కొత్త వలైనా తొలి సరుకు ముట్టకముందు పసుపు కలిపిన సముద్రపు నీళ్లతో తడపాలి. లేకపోతే గంగమ్మ దాన్ని తనవాళ్లదని గుర్తుపట్టదట. ఆడవాళ్లు బిందెలతో వచ్చి, ఎంతో ప్రేమగా, ముందూ వెనకా, సీటు కిందా, తొట్టి కిందా, ఎక్కడా పొడి మిగలకుండా పోసేశారు. అక్క "ఒసే, ఆగండే," అని చేతులడ్డం పెట్టింది. ఆ చేతుల మీద కూడా పోశారు, అడ్డం పెట్టడం కూడా ఆచారంలో భాగమనుకున్నారేమో.

అక్క తాళం తిప్పింది. పలక వెలగలేదు. ఈసారి నిజంగానే ఏమీ జరగలేదు.

ఎండెక్కుతోంది, తట్టల్లో ఐసు కారుతోంది. రోజూ సరుకు పట్టుకెళ్లే ఆటో కుర్రాడు దగ్గరికొచ్చి, "పోలమ్మత్తా, ఎక్కించీమంటావా?" అన్నాడు. అక్క మొహం చూడలేకపోయాను. సోమవారం అక్కడే, ఆ ఇసకలోనే వచ్చేసిందనిపించింది.

పోలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "నీల్లు పోసింది మేము. మేము పోసిన నీల్లకి దాన్నొదిలీసి పోతే గంగమ్మ ఒప్పుకుంటాదేట్రా? ఉండు," అంది. గోనెసంచులు తడిపి తట్టల మీద కప్పించింది.

బండి ఇచ్చినప్పుడు వర్క్‌షాపు మనిషి చెప్పిన మాట అక్క గుర్తుచేసుకుంది. ఉప్పునీళ్లు తగిలితే బ్యాటరీ తీగ విప్పి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ కలపాలి. నేను పానా తీసుకుని కింద దూరాను. నా షాపుకొచ్చే కార్లలో అయితే బానెట్టెత్తి, నల్లమూతలు చూసి, నమస్కారం పెట్టి దించేయడమే. దీనిలో నాలుగు బోల్టులు విప్పితే బండి కడుపంతా కళ్ల ముందుంది. దాచుకోడానికి దాని దగ్గర ఏమీ లేదు. లేనిది పాడవదన్న అక్క మాట అక్కడ బోర్లా పడుకుని ఒప్పుకున్నాను.

కానీ మంచినీళ్లేవి? ఆ ఊరికి తాగే నీళ్లు సరుగుడు తోట అవతల నుంచి రావాలి, ఆడవాళ్లు నెత్తిన మోసుకొస్తారు. అక్క అడగకముందే ఒకావిడ తను తాగడానికి తెచ్చుకున్న సీసా ఇచ్చింది. తర్వాత ఇంకొకావిడ. తర్వాత ఇళ్ల నుంచి బిందెలొచ్చాయి. ఆ రోజు వంటకి పెట్టుకున్న నీళ్లు. వాటినే బండి తీగల మీద పోశాం. అలాంటి నీళ్లతో నేను ఏ బండీ కడగలేదు.

ఇక తుడవాలి. వాళ్ల బట్టలన్నీ ఉప్పులో నానినవే, నా రుమాలు అప్పటికే ముద్దయింది. అక్క సీటు కిందినుంచి బావ కండువా తీసింది. సంచిలో ఉండబట్టి అదొక్కటే పొడిగా ఉంది. నేను వద్దనేలోపే మడత విప్పేసింది. సూరమ్మ వడికిన ఆ నూలు తడిని ఎలా తాగిందో చెప్పలేను. చివర మెలిపెట్టి తీగల సందుల్లో దూర్చితే చుక్క మిగల్లేదు. పసుపూ గ్రీజూ కలిసి కండువాకి అరచేతంత మరకైంది.

ఎండలో ఆరనిచ్చాం. ఆడవాళ్లు తట్టల మీద గోనెలు మళ్లీ మళ్లీ తడిపారు. తీగ కలిపి అక్క తాళం తిప్పింది. వెలగలేదు. తీసి, కళ్లు మూసుకుని పెదాలు కదిపి, మళ్లీ తిప్పింది. పలక వెలిగింది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు, చప్పుడు లేదు కదా. బండి నాలుగడుగులు కదిలాక గానీ వాళ్లు నమ్మలేదు. అప్పుడు పోలమ్మ మొదటి తట్ట తనే ఎత్తి తొట్టిలో పెట్టింది. నాకు కళ్లు చెమర్చాయి, చుట్ట పొగ అని చెప్పాను.

బస్సు

సీటు మీద అక్క పక్కన పోలమ్మ కూర్చుంది. సరుకు తనది కాబట్టి అది న్యాయం. నేను ఆడవాళ్లతో పాటు రోడ్డెక్కి నిలబడ్డాను. వాళ్ల చేతుల్లో ఏమీ లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులు సర్దుకుంటున్నారు.

బస్సు దూరం నుంచి కనబడగానే అలవాటు ప్రకారం అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు, దుమ్ము పడకుండా. బస్సు ఆగింది. కండక్టరు తల బయటపెట్టి, "రావాల, రావాల," అన్నాడు. ఎక్కాం. నా ముందు సీట్లో కూర్చున్నావిడ ఒళ్లో రెండు చేతులూ గుండ్రంగా పెట్టుకుంది, తట్ట ఉన్నట్టే. కొంతదూరం పోయాక చూసుకుని, నవ్వుకుని, తీసేసింది.

దారిలో మా బస్సు అక్క బండిని దాటింది. ఆడవాళ్లందరూ ఆ వైపు కిటికీలకు చేరారు. అక్క స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని ముందుకే చూస్తోంది. పోలమ్మ మాత్రం ఊరేగింపులో కూర్చున్నట్టు మాకు చెయ్యి ఊపింది.

బజార్లో తట్టలు దించాక పోలమ్మ చెప్పింది, "రేపు కూడా రా నర్సమ్మా. ఈది మొదట్లోనే హారను కొట్టు, లేపోతే నువ్వొచ్చినట్టు మాకు తెలవదు. నీల్లు మళ్లీ పొయ్యంలే, గంగమ్మ సూసీసింది."

అక్క అక్కడే నిలబడి బావకి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు. తర్వాత, "ఇల్లు ఏ ఈదిలో సూడమంటావు?" అన్నాడు.

తిరిగొచ్చాక

మొన్న మళ్లీ శ్రీకాకుళం వెళ్లాను, ఈసారి నా షాపు నుంచి నాలుగు టైర్లు పట్టుకుని. బండికి ఇప్పటికీ రంగు లేదు. వానాకాలం పరదాలు కట్టినా అక్క సగం తడుస్తోంది. బావ తెల్లవారకముందే లేచి ప్లగ్గు తీస్తాడు, బొమ్మ అనే మాట మానేశాడు.

ఆదివారం వాళ్లతో చర్చికి వెళ్లాను. బావ భుజాన పొందూరు కండువా ఉంది. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ పసుపు మరక పోలేదట. మరక లోపలికి పోయేలా మడిచి వేసుకోమని అక్క పోరుతూనే ఉంటుంది, ఆయన వినడు. దాన్ని పైకి కనబడేలా సర్దుకుని, పక్కన కూర్చున్నవాళ్లు అడుగుతారేమోనని చూస్తాడు. ఆ రోజు ఎవరూ అడగలేదు. పాట అయ్యి అందరూ కూర్చుంటున్నప్పుడు ఆయనే పక్కాయన వైపు వంగి, మరక మీద వేలు పెట్టి చూపించి, "మా ఇంటిదాని బండిదండి ఇది," అన్నాడు.